అన్నయ్య సగం కట్టిన ఏరియల్

వదినకు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, నా గురించి దిగులు పెట్టుకోకు.

అన్నయ్య ఉద్యోగం ఊళ్ళో అద్దెకున్న గది ఖాళీ చేయడానికి వచ్చి వారమైనా ఒక్క పెట్టె కూడా సర్దలేకపోయాను. పోయే ముందురోజు దాకా తను ఊరూరి వాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో సెట్టుకి కొత్త ఏరియల్ కడుతూనే ఉన్నాడట. మూడు బ్యాండ్లకి మూడు జతల రాగి తీగలు కొలిచి కత్తిరించి పెట్టాడు. ఒక జత అతకడం మిగిలిపోయింది. అది నేను అతికి, డాబా మీద రెండు కర్రల మధ్య కట్టాను. నాచేత హామ్ లైసెన్సు పరీక్ష రాయించింది తనే కదా.

నిన్న సాయంత్రం సెట్టు పెట్టగానే ఒక పెద్దాయన రేడియోలో అన్నయ్యకి పేరులాంటి కాల్‌సైన్ చెప్పి పిలుస్తున్నారు. నేను పలికాను.

"ఏమైపోయావయ్యా? నెలరోజులుగా పిలుస్తున్నా" అన్నారు.

రోజూ అన్నయ్యతో మాట్లాడే రిటైర్డు మాస్టారట. నేను తమ్ముణ్ణని చెప్పి, జరిగింది చెప్పాను. తర్వాత, "బాబూ, వాణ్ణి ఒక్కసారి పిలుచుకుంటాను. నువ్వు పలక్కు" అన్నారు. మూడుసార్లు పిలిచారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

పాప చెవిపోటు తగ్గిందా? వంటింటి కొళాయి బాగుచేయించావా? సెట్టు అమ్మేయమంటావో, ఇంటికి తెమ్మంటావో వెంటనే రాయి.

ఇంకొక మాట. పదకొండేళ్ళు మాట్లాడుకున్నా మాస్టారు అన్నయ్య ముఖం ఎన్నడూ చూడలేదట. ఒక ఫోటో అడిగారు. నవ్వుతున్నదే వెతికి పంపు.

పాపకి నా ఆశీస్సులు.

నీ మరిది