ఇవాళ రెండు

పనెవేజిస్, ఫిబ్రవరి 12

నాకు జ్ఞానస్నానం ఇప్పించిన రోజున కొవ్వొత్తి పట్టుకుని పక్కన నిలబడిన నా జ్ఞానతల్లి బ్రోనిస్లావా అమ్మకు, మీ రిమ్వీదాస్ నమస్కరించి రాయునది.

అమ్మా, ఆట మానేశాను. కుడి మోకాలు ఇక తన వల్ల కాదంది. పదిహేడేళ్ళు నాలుగు దేశాల్లో ఆడినవాణ్ణి, ఇప్పుడిక్కడ గిడ్డంగిలో రంగు డబ్బాలు సర్దుతున్నాను. మీ గిరూపే బడిలో ఆటల మాస్టారు ఈ వేసవిలో రిటైరవుతున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. అది రాకపోతే వచ్చే నెలాఖరుకి నార్వేలో చేపల ఫ్యాక్టరీకి వెళ్ళిపోవాలి. కానీ నాకు మీ ఊరికే రావాలని ఉంది. మా అమ్మ పోయాక నా పుట్టినరోజు గుర్తుపెట్టుకున్నది మీరొక్కరే.

హెడ్మాస్టరమ్మ స్టెఫానియా గారు మీతో పాటు గుడిలో పాడతారు కదా, నా గురించి ఒక్క మాట చెప్పండి. పొగడక్కర్లేదు, ఉన్నది చెబితే చాలు.

మీ బిడ్డ,
రిమ్వీదాస్

తా.క. మీరు పంపిన ఉన్ని చేతితొడుగులు అందాయి. ఇది పదిహేడో జత.


గిరూపే, ఫిబ్రవరి 18

క్రీస్తుకు స్తోత్రం. చిరంజీవి రిమ్వీదాస్‌కు దీవెనలు.

నాయనా, నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత బంగాళాదుంపల కుడుములు చేసుకుని తిన్నాను. ఆదివారం పూజ అయ్యాక స్టెఫానియా గారిని ఆపి నీ సంగతి చెప్పాను. "బాగా ఆడేవాడా?" అని అడిగింది. ఉపవాసాల తపస్సుకాలంలో అబద్ధమాడలేను కదా! నీ కార్డులన్నీ నా దగ్గరే ఉన్నాయి. "ఇవాళ ఒకటి", "ఇవాళ రెండు" అని నువ్వు రాసినవి. ఒక్కొక్కసారి ఆరు వారాలకు ఒకటి కూడా లేదు. అదే చెప్పాను. మొత్తం పదిహేడేళ్ళకు నూట పన్నెండు అని కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "ఏడాదికా?" అంది. "కాదమ్మా, మొత్తానికి" అన్నాను.

బాధపడకు బిడ్డా. అందరికీ దేవుడు ఒకేలా ఇవ్వడు.

నీ మేలు కోరే,
బ్రోనిస్లావా

తా.క. ఒకసారి ఒకే ఆటలో మూడు అని రాశావు. ఆ రోజు జున్ను కేకు చేసి వీధంతా పంచాను. ఎందుకని అడిగితే అంకె మాత్రం చెప్పలేదు.


పనెవేజిస్, ఫిబ్రవరి 23

ప్రేమగల అమ్మకు,

మీరు నా కార్డులన్నీ దాచారని తెలిసి గిడ్డంగిలో ఒక డబ్బా కింద పడేశాను. పచ్చరంగు. అది వేరే సంగతి.

కానీ అమ్మా, నూట పన్నెండంటే ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఏమిటి? అది మంచి లెక్కే! ఆ మూడు కొట్టిన రోజైతే నన్ను భుజాల మీద మోశారు. సైప్రస్‌లో ఒకటి తలతో కొట్టాను, ఆ ఒక్కదానితోనే ఆట గెలిచాం. దయచేసి అది కూడా చెప్పండి.

మీ,
రిమ్వీదాస్

తా.క. మార్చి నెలాఖరులోపు నార్వేవాళ్ళకు జవాబివ్వాలి. చేపల వాసన నాకు పడదని మీకు తెలుసు.


గిరూపే, మార్చి 1

క్రీస్తుకు స్తోత్రం. నా చిట్టి తండ్రికి,

చెప్పాను నాయనా. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. "తలతో ఎందుకు? చేతులేమయ్యాయి?" అంది స్టెఫానియా గారు. "చలికి కొంకర్లు పోయి ఉంటాయి" అన్నాను. సైప్రస్‌లో చలి ఉండదని పక్కనున్న రొట్టెల ప్రానస్ అందుకున్నాడు. వాడికి నోరు ఎక్కువ. యాభై మూడేళ్ళొచ్చినా ప్రతి శుక్రవారం బడి హాల్లో బుట్టలోకి బంతి వేస్తాడు. పోయిన వారం పద్నాలుగు వేశాడట. "ఆ కుర్రాణ్ణి పంపించు అక్కా, నేను నేర్పిస్తా" అంటున్నాడు.

నీ పొడవు నూట డెబ్బై ఒక్క సెంటీమీటర్లని తెలిశాక అందరికీ నీ మీద జాలి ఎక్కువైంది. చిన్నప్పుడు మా కొట్టం గోడకున్న రింగులో నువ్వు బంతి వేయడం నేను చూశాను. అప్పుడూ పడేది కాదు. అయినా మానలేదు. అందుకే పదిహేడేళ్ళుగా నీ చేతుల కోసం రోజూ ఒక జపమాల చెబుతున్నాను. ఇప్పుడు మా జపమాల సంఘం పద్దెనిమిది మందీ చెబుతున్నారు.

ధైర్యంగా ఉండు.
బ్రోనిస్లావా

తా.క. భుజాల మీద మోశారన్నావు. రింగు అందుతుందనా?


పనెవేజిస్, మార్చి 6

అమ్మా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. కూర్చుని రాస్తున్నాను, మీరూ కూర్చుని చదవండి.

నేను ఆడింది బాస్కెట్‌బాల్ కాదమ్మా, ఫుట్‌బాల్. కాళ్ళతో ఆడేది. చేత్తో ముట్టుకుంటే ఈల వేస్తారు. మ్యాచ్ మొత్తానికి ఒకటి పడితే పండగ, రెండు పడితే పేపర్లో ఫోటో. నేను ఫార్వర్డ్‌ని, గోల్ కొట్టడమే నా పని.

మీకు ఎప్పుడూ చెప్పలేదంటే, అడిగినవాళ్ళు లేరు గనక. మన దేశంలో బంతి అంటే బుట్టలో వేసే బంతి ఒక్కటే. ఇంకో మాట కూడా చెప్పాలి. రెండు కొట్టిన రోజున కూడా మీరు "పరవాలేదు నాయనా, వచ్చేసారి చూద్దాం" అని రాసేవారు. అమ్మకి నా మీద ఎంత పెద్ద ఆశలున్నాయో అనుకుని మరింత పరిగెత్తేవాణ్ణి. ఏమీ కొట్టని రోజుల్లో కూడా అదే మాట రాసేవారు. అప్పుడు అదొక్కటే నాకు అన్నం తినబుద్ధయ్యే మాట.

హెడ్మాస్టరమ్మ శుక్రవారం నిర్ణయిస్తారట. దయచేసి ముందే వెళ్ళి నిజం చెప్పండి. చేతులు జోడిస్తున్నాను. అవైనా పనికొస్తాయేమో.

మీ రిమ్వీదాస్

తా.క. ప్రానస్ గారికి కృతజ్ఞతలు. కానీ వద్దు.


గిరూపే, మార్చి 15

క్రీస్తుకు స్తోత్రం. నా బంగారు కొండకు,

ఉత్తరం అందగానే ముందు ఫాదర్‌గారి దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. "పదిహేడేళ్ళు తప్పు అవయవానికి ప్రార్థించాను ఫాదర్, కాళ్ళకి ఒక్క జపమాల కూడా చెప్పలేదు, అందుకే మోకాలు పోయింది" అన్నాను. ఆయన నవ్వు బయట వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. ప్రాయశ్చిత్తంగా నడిచి బడికి వెళ్ళి నిజం చెప్పమన్నారు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. చూస్తే నీ నియామకం కాగితం మీద స్టెఫానియా గారు అప్పటికే సంతకం పెట్టేసింది!

"ఎందుకమ్మా? అంత తక్కువ వేసినవాడికి?" అన్నాను.

"బ్రోనిస్లావా గారూ, మా బడిలో బాగా వేసే పిల్లలు ముగ్గురు. మిగతా అరవై మందికీ బంతి పడదు. వాళ్ళు బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటారు. పదిహేడేళ్ళు ఒకటి, రెండు వేస్తూ కూడా ఆట మానని మాస్టారు నాకెక్కడ దొరుకుతాడు?" అంది.

అప్పుడు నిజం చెబితే ఉద్యోగం పోతుందేమో అనిపించింది నాయనా. అయినా చెప్పాను. నువ్వు బాగా ఆడేవాడివని, గోల్స్ కొట్టేవాడివని, భుజాల మీద మోశారని. ఆవిడ ముఖం వాడిపోయింది. "అయితే గొప్పవాడన్నమాట" అంటూ కాగితం తన వైపు లాక్కుంది.

"ఫుట్‌బాల్‌లో" అన్నాను.

"ఎక్కడ?"

"ముందు మన దేశంలోనే, ఆరేళ్ళు."

"ఎంతమంది చూడ్డానికొచ్చేవారు?"

నీ కార్డులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను: "ఒక వానరోజు నలభై ఒక్క మంది, ఒక కుక్క. ఆ రోజు వాడు రెండు కొట్టాడు."

స్టెఫానియా గారు కాగితం మీద ఠప్పున ముద్ర వేసి నా చేతిలో పెట్టింది. "నలభై ఒక్క మందే చూడ్డానికొచ్చినా రెండు కొట్టి, మళ్ళీ మర్నాడు ఆడ్డానికెళ్ళాడు. సెప్టెంబరు ఒకటిన రమ్మనండి" అంది.

ఆ కాగితం ఇందులోనే పెట్టాను. నార్వేకి రానని రాసెయ్. పై గది తుడిపించాను.

నీ అమ్మ,
బ్రోనిస్లావా

తా.క. పిల్లలతో నువ్వు ఆడించే మొదటి ఆటకి నేను వస్తాను, ముందు వరుసలో కూర్చుంటాను. బంతి కోసం పైకి చూడాలా, కిందికి చూడాలా? ముందే రాయి, మెడ నొప్పిగా ఉంది.