ఫ్యాన్ చప్పుడు

తమ్ముడూ,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. కానీ నిన్నటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్ చేస్తే గొంతు పెంచుతానేమోనని రాస్తున్నాను.

నిన్న నీ పాడ్‌కాస్ట్ కార్యక్రమం నేనూ మన చిన్నోడూ కలిసి విన్నాం. కొత్త ఫోన్ల కబుర్లయ్యాక, రికార్డింగులో చప్పుళ్లు తీసేసే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ని పట్టుకుని ఆడుకున్నావు. “ఊరికే ఇస్తే మాత్రం ఇంత చెత్తా? రాసినవాడెవడో ముందు పని నేర్చుకుని రమ్మనండి బాబూ!” అన్నావు. చిన్నోడు కూడా నవ్వాడు. నవ్వుతూనే, “అది నాదే అక్కా” అన్నాడు.

నువ్వు ఇంట్లో రికార్డు చేసేటప్పుడు నీ గొంతు వెనక ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందని వాడు ఏడాదిపాటు కూర్చుని రాశాడట. నలుగురికీ పనికొస్తుందని కోడ్ కూడా అందరికీ తెరిచి పెట్టాడు. తమ్ముడని తెలిస్తే మొహమాటానికి మెచ్చుకుంటావని, మారుపేరుతో నీకు పంపాడట. ఇప్పుడు మొత్తం చెరిపేస్తానంటున్నాడు. వద్దురా అంటే, “అన్నయ్యే అన్నాక ఇంకేముందక్కా?” అంటాడు.

ఇది చదవగానే వాడికి ఫోన్ చెయ్యి. బాగుందని మాత్రం అబద్ధం చెప్పకు. ఎక్కడ బాగాలేదో చెప్పు. వాడు నీకు పంపింది అందుకే.

మీ ఇద్దరి కోసం ప్రార్థించే
అక్క