తలా ఒక పావుగంట

సోమవారం, సాయంత్రం. టైం ఎంతో అడక్కు.

పెద్దమ్మకి పిచ్చుక వెయ్యి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని తీరిగ్గా రాసే ఓపిక లేదు. నువ్వు కుశలమే, నాకు తెలుసు. నేను కాదు. కొంప మునిగేలా ఉంది పెద్దమ్మా!

ఇవాళ మా తూనికలు కొలతల ఆఫీసులో నా పేరుకి ఎదురుగా మూడో ఎర్ర గీత పడింది. వచ్చే నెలాఖరుకి నా ఆరు నెలల గడువు అయిపోతుంది. ఆలోపు నాలుగో గీత పడిందా, ఉద్యోగం పర్మనెంటు కాదు సరికదా, ఇంటికే. నేను ఏడు నిమిషాలే ఆలస్యమయ్యాను. నా చేతి గడియారం అయితే మూడు నిమిషాలే అంది. అదే చెప్పాను మా పెద్ద గుమాస్తా గారికి. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మీ చేతి గడియారం మీ ఇంటికమ్మా. ఈ ఆఫీసుకి ఆ గోడ గడియారమే గడియారం" అని, స్కేలు పెట్టి మరీ గీశారు.

మా పొద్దుటి సంగతి ఏం చెప్పమంటావు? హాల్లో గడియారం ఐదున్నర కొట్టగానే లేస్తాను. అక్కణ్ణుంచి కాళ్ళు నేలమీద ఆనవు. పాలు పొంగుతాయి. చిన్నాడు స్నానానికని వెళ్ళి బాత్రూంలో పీట మీద కూర్చుని నిద్రపోతాడు. పెద్దది గుమ్మం దాటాక, "అమ్మా, పది రకాల ఆకులు తెమ్మన్నారు, ఇవాళే" అంటుంది. మీ అల్లుడు కొలతల టేపు కనబడటం లేదని ఇల్లంతా వెతుకుతారు, అది ఆయన మెళ్ళోనే ఉంటుంది. దర్జీ కదా, మెళ్ళో ఉన్నది బట్టల్లో కలిసిపోయి ఆయనకే కనబడదు. ఇంత గందరగోళమూ అయ్యాక చిన్నాడి బూటు ఒకటి దొరుకుతుంది. రెండోది దొరకదు. రోజూ ఇంతే!

అమ్మ ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసిన ఆ ఐదేళ్ళూ నన్ను తయారుచేసి బడికి పంపింది నువ్వే కదా. నువ్వూ మిల్లుకి వెళ్ళాలి, నన్నూ పంపాలి. ఎలా చేశావు? ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని బడిలో నాకు స్టీలు గ్లాసు ఇచ్చారు, గుర్తుందా? ఇప్పటికీ నీళ్ళు దాంట్లోనే తాగుతున్నాను. ఇవాళ దాన్ని చూస్తే ఏడుపొచ్చింది. అలాంటి పిల్లని, ఇలా అయిపోయానేంటి?

నాకో దారి చెప్పు. అర్జంటు!

నీ
పిచ్చుక

తా.క.: ఈ కాగితం మీద మరక చూసి కన్నీళ్ళు అనుకునేవు. పాలు.

———

గురువారం, ఉదయం ఆరు గంటల నాలుగు నిమిషాలు.

పిచ్చుకకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఏడుపు ఆపు. ఏడవడానికి నీ దగ్గర టైం లేదు.

ముప్పై ఏళ్ళు మిల్లులో టైమ్ కీపర్‌గా చేసినదాన్ని. పన్నెండు వందల మంది నా సైరన్ విని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. నేను ఒక్కనాడైనా ఆలస్యంగా వచ్చానా? రిజిస్టరు ఇప్పటికీ అక్కడే ఉంటుంది, వెళ్ళి చూసుకో.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి. పొద్దున చేసే పనిలో సగం ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. పిల్లల బట్టలూ, బూట్లూ, సంచులూ అన్నీ రాత్రికే సిద్ధంగా ఉండాలి. డబ్బాల్లోకి తిండి రాత్రే సర్దెయ్యి. ఐదున్నరకి లేస్తావు. ఐదూ ముప్పై రెండుకి పొయ్యి ముట్టించాలి. చిన్నాడి స్నానానికి నాలుగు నిమిషాలు, పెద్దదాని జడకి మూడు. ఎవరైనా అలిగితే దానికి ఒక నిమిషం కేటాయించు, అంతకు మించి ఇవ్వకు. అల్లుడుగారు ఊరికే టేపు వెతుక్కునే బదులు ఒక పిల్లవాడికి నీళ్ళు పోస్తే ఆయన సొమ్మేం పోదు. నేను చెప్పానని చెప్పు. అలిగితే ఆయనకీ అదే ఒక నిమిషం.

ఆ ఎర్ర సిరా ఆయన నాకు నచ్చాడు. అలాంటివాళ్ళు ఈ రోజుల్లో లేరు.

ఇట్లు
నీ పెద్దమ్మ
మిల్లు టైమ్ కీపర్, విశ్రాంత

తా.క.: హాల్లో ఉన్న గడియారం పావుగంట ముందుకి తిప్పు. ఇంట్లో ఎవరికీ చెప్పకు. చెబితే పని చెయ్యదు.

———

బుధవారం, ఉదయం ఎనిమిది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు! ఆఫీసులో, నా కుర్చీలోంచి!

నా బంగారు పెద్దమ్మకి పిచ్చుక దండాలు.

పెద్దమ్మా, నేను గెలిచాను!

ముందు ఓడిన సంగతి చెబుతాను. అన్నీ రాత్రే సిద్ధం చెయ్యమన్నావు కదా. సిద్ధం చేశాను. చిన్నాడు ఇంకాస్త ముందుకెళ్ళి యూనిఫాం వేసుకుని, బూట్లతో సహా పడుకున్నాడు. "అమ్మమ్మ చెప్పిందిగా" అని వాదన! పొద్దున చూస్తే చొక్కా నమిలి ఉమ్మేసినట్టుంది. బూటు ఒకటి కాలికి ఉంది. రెండోది దుప్పట్లో కూడా దొరకలేదు. ఇక డబ్బాలా? రాత్రి సర్దిపెట్టినవి పొద్దున తేలిగ్గా తగిలాయి. మీ అల్లుడు వేళకాని వేళ లేచి, "ఎలా ఉందో రుచి చూశాను" అన్నారు. మూడు డబ్బాల రుచీ చూశారు.

ఇక గడియారం మాట. చెప్పినట్టే దొంగచాటుగా పావుగంట ముందుకి తిప్పేశాను. ఆ పావుగంట నేను మనసులో తీసేసుకుంటాను, కాబట్టి నేను మోసపోను. మిగతావాళ్ళే ఉరుకుతారు. ఏం పని చేసిందనుకున్నావు! ఐదున్నర కొట్టగానే లేచి, ఎప్పుడూ వెనకబడే నా చేతి గడియారాన్ని కూడా హాల్లో దాన్ని చూసి, పావుగంట తగ్గించి దిద్దుకున్నాను. బయట చిమ్మచీకటి. చలికాలం కదా, సూర్యుడికీ బద్ధకం పెరిగిందనుకున్నాను.

ఇప్పుడు నిన్నటి సంగతి విను. ఊరంతా ఆలస్యం పెద్దమ్మా, నేనొక్కదాన్నే టైముకి! స్కూలుకి వెళ్తే గేటుకి తాళం. వాచ్‌మన్ తాపీగా పళ్ళు తోముకుంటున్నాడు. నాలుగు దులిపి గేటు తెరిపించాను. ఆఫీసుకి వస్తే అక్కడా తాళమే. ఆఫీసు మొదలయ్యేదే ఎనిమిదిన్నరకి, అటెండరు తాత అప్పుడు చేతులూపుకుంటూ వచ్చాడు. లోపలికెళ్ళి గోడ గడియారం చూద్దును కదా, ఎనిమిదే చూపిస్తోంది! అరగంట వెనకబడింది! ఊళ్ళో ప్రతి కొట్టులోని తక్కెడకీ ముద్ర వేసే ఆఫీసులో తప్పు గడియారమా? నాకు ఒళ్ళు మండింది. స్టూలెక్కి నా చేతి గడియారం చూసి సరిచేసేశాను. తాత స్టూలు పట్టుకున్నాడు.

తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చారు. గోడ మీద చూస్తే తొమ్మిదికి రెండు నిమిషాలు! అందరి మొహాలూ వాడిపోయాయి. చివరికి పెద్ద గుమాస్తా గారు వచ్చారు. గోడ వంక చూశారు. చేతి గడియారం వంక చూసుకున్నారు. మళ్ళీ గోడ వంక చూశారు. కూర్చుని, స్కేలు తీసి, అందరికీ గీసి, ఆఖరున తన పేరుకి ఎదురుగా తనే ఎర్ర గీత గీసుకున్నారు! ఇరవై రెండేళ్ళలో మొదటిదట. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, కానీ స్టూలెక్కి దిగిన ఆయాసంలో ఉన్నాను.

అంతా నీ చలవే!

ఎగురుతున్న
నీ పిచ్చుక

తా.క.: ఆ స్కూలు గంట రోజూ అరగంట ఆలస్యంగా కొడుతున్నారు. హెడ్మిస్ట్రెస్‌కి ఫిర్యాదు రాసి సంచిలో పెట్టుకున్నాను. స్టాంపు అంటించడమే తరువాయి.

———

శనివారం, ఉదయం ఆరు గంటల నాలుగు నిమిషాలు.

పిచ్చుకకి పెద్దమ్మ ఆశీస్సులు.

రెండు వారాలు ఆలస్యంగా అందిన నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పక్కింటావిడని పిలిచి ఆవిడకీ వినిపించాను. వద్దంటున్నా కూర్చోబెట్టి వినిపించాను.

ఊరంతా ఆలస్యమైతే తప్పు ఊరిదే. నువ్వు వెనక్కి తగ్గకు. గడియారం దిద్దినందుకు నీ చెయ్యి బంగారం కాను! ఆ గుమాస్తా గారు తన పేరుకి తనే గీత గీసుకున్నారంటే, నాకు కళ్ళు చెమర్చాయి. ఎవరైనా సరే మనిషి అలా ఉండాలి.

డబ్బాలు ఇకమీదట అల్లుడుగారికి అందని చోట దాచు. ఆయన పొడుగు కాబట్టి కింద అరలో పెట్టు. వంగరు. చిన్నాడి బూట్లు రెండూ తాడుతో కలిపి కట్టి తలుపు గొళ్ళానికి తగిలించు. ఈ సలహా పుస్తకాల్లో ఉండదు, నా అనుభవంలోది.

ఇట్లు
గర్విస్తున్న నీ పెద్దమ్మ

తా.క.: ఒకరికి చెబితే పని కాదు, ఇద్దరికి చెబితేనే అవుతుందని మిల్లులో నేర్చుకున్నాను. నువ్వు మర్చిపోతావేమోనని, గడియారం పావుగంట ముందుకి తిప్పమని అప్పుడే అల్లుడుగారికీ, పెద్దదానికీ కూడా విడివిడిగా కార్డులు రాశాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. తిప్పారో లేదో కనుక్కో.

———

మంగళవారం. అసలు సిసలు టైం: ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలు. రేడియోలో విని రాస్తున్నాను.

పెద్దమ్మా!

నమస్కారాలు తర్వాత. నీ తా.క. చదివి నా పైప్రాణాలు పైనే పోయాయి!

తిప్పారు పెద్దమ్మా, ఇద్దరూ తిప్పారు! మీ అల్లుణ్ణి నిలదీస్తే మెళ్ళో టేపు సర్దుకుంటూ, "పావుగంటేగా" అన్నారు. పెద్దది స్టూలు మీద పీట వేసుకుని ఎక్కిందట. ముగ్గురం ఎవరి పావుగంట వాళ్ళం మనసులో తీసేసుకుంటూ, మిగతా ఇద్దరినీ చూసి లోపల్లోపల నవ్వుకుంటున్నాం. మూడు వారాలుగా మా ఇల్లు ముప్పావుగంట ముందు నడుస్తోంది. సూర్యుడి తప్పేం లేదు పాపం!

అంటే నేను ఆఫీసు గడియారం సరిచెయ్యలేదు. శుభ్రంగా ఉన్నదాన్ని చెడగొట్టాను. తప్పు తూకం పట్టుకోవడం నా ఉద్యోగం!

ఇందులో చిత్రమేంటంటే ఒక్కళ్ళూ గొణగడం లేదు. సాయంత్రం గోడ మీద ఐదు కొట్టేసరికి బయట నాలుగున్నరే కదా, అందరూ హుషారుగా ఇళ్ళకి పోతున్నారు. కొట్ల వాళ్ళు బేరాలు మొదలవకముందే ముద్ర వేయించుకు పోతున్నారు. ఆఫీసు బాగుపడిందని పైకి మెచ్చుకుంటూ రాశారట. ఆ మంచి పేరుతో నా ఆర్డరు తయారైంది. నెలాఖరున సంతకం పెట్టాలి. పర్మనెంటు!

ఇంట్లో కూడా నిజంగా దారిలో పడ్డాం పెద్దమ్మా. నీ నాలుగు నిమిషాలూ మూడు నిమిషాలూ ఎప్పుడో గాలికి పోయాయి. కానీ సంచులు రాత్రే గుమ్మం దగ్గరికి చేరుతున్నాయి. చిన్నాడి స్నానం మీ అల్లుడిది, స్కూల్లో దింపడమూ ఆయనదే. పెద్దది గుడ్లు ఉడకబెడుతోంది, జడ తనే వేసుకుంటోంది, వంకరగా. వంకరైతే ఏం? పొద్దున నేను కూర్చుని కాఫీ తాగుతున్నాను. కూర్చుని!

కానీ ఆ పెద్ద గుమాస్తా గారిని చూస్తే అన్నం సహించడం లేదు. ఏ పాపం ఎరగని మనిషి పేరుకి ఎదురుగా నా వల్ల ఎర్ర గీత. చెబితే నా ఆర్డరు చింపుతారు. చెప్పకపోతే ఆ గీత అలాగే ఉండిపోతుంది. ముప్పై ఏళ్ళు ఒక్క నిమిషం తప్పని మనిషివి. నువ్వైతే ఏం చేసేదానివి? నెలాఖరుకి ఇంకా మూడు వారాలుంది. జవాబు రాయి, నీకు పుణ్యముంటుంది.

వణుకుతున్న
నీ పిచ్చుక

తా.క.: ఇంట్లో గడియారం ఇవాళే రేడియో టైముకి సరిగ్గా పెట్టేశాను. ఇక ఎవరూ ముట్టుకోకూడదని ఒట్టు వేయించాను. స్కూలు మీద ఫిర్యాదు పోస్టు చెయ్యలేదు. బతికిపోయాను!

———

ఆదివారం. టైం చూడలేదు.

నా పిచ్చుకకి పెద్దమ్మ ముద్దులు.

ఈ ఉత్తరం ఆలస్యమైంది, నాకు తెలుసు. ఎందుకో కింద చెబుతాను. ముందు నువ్వడిగినదానికి జవాబు. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. చదివి నవ్వితే నవ్వు. నన్ను తిట్టకు.

నేను ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. నిజమే. ఎలా వస్తానే? పన్నెండు వందల మంది నా సైరన్ విని గడియారాలు దిద్దుకునేవాళ్ళు. ఆ సైరన్ మోగించేది నేను. నేను వెళ్ళి మోగిస్తేనే ఏడయ్యేది. వెళ్ళకపోతే ఏడు కాదు!

మీ అమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిది. నువ్వేమో ఐదేళ్ళ పిల్లవి. నీళ్ళంటే ఏడుపు, జడంటే ఏడుపు. అన్నీ అయ్యాక ఒక బూటు దొరికేది, రెండోది దొరికేది కాదు. చిన్నాడు ఎవరి పోలికో ఇప్పుడు తెలిసిందా? ఒకనాడు నీ రెండో బూటు నీళ్ళ బాన వెనకాల దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది. నిన్ను చంకనేసుకుని పరుగెత్తి సైరన్ మోగించాను. మిల్లు నడిచింది. ఊళ్ళో కొట్లు తెరిచారు. మీ బడి గంట కూడా మన సైరన్ వినే కొట్టేవాళ్ళు. ఊరు ఊరంతా ఆ రోజు నలభై నిమిషాలు వెనక నడిచింది, ఒక్కడికీ అనుమానం రాలేదు.

నీకు స్టీలు గ్లాసు ఇచ్చినరోజు చప్పట్లు కొడుతూ నా గుండె ఎంత కొట్టుకుందో! నువ్వు ఏమీ మారలేదే పిచ్చిదానా. అప్పుడూ ఇలాగే ఉండేదానివి. నువ్వు రెండో బూటు వేసుకునేదాకా ఆ ఊళ్ళో ఏడు అయ్యేది కాదు, అంతే. నీ పిల్లలకి అలాంటి సైరన్ లేదు. అయినా ముగ్గురినీ నడిపిస్తున్నావు. నాకంటే నువ్వే గట్టిదానివి.

నేను చెప్పలేకపోయాను. ఆ బరువు నీకొద్దు. అందుకే నీ ఉత్తరం అందగానే మీ పెద్ద గుమాస్తా గారికి జరిగిందంతా నేనే రాసేశాను, తప్పంతా నా కార్డులదేనని. జవాబు వచ్చేదాకా నీకు రాయకుండా ఆగాను. నిన్న వచ్చింది. ఇలా రాశారు:

"అమ్మా, గోడ గడియారం తప్పని నాకు మొదటి రోజే తెలుసు. నా చేతి గడియారం ఎన్నడూ తప్పదు. కానీ గోడ గడియారమే గడియారమని నేనే అన్నాను కాబట్టి గీత గీసుకున్నాను. ఆ సాయంత్రం ఇరవై రెండేళ్ళలో మొదటిసారి వెలుగుండగా ఇల్లు చేరాను. మంచం దిగలేని మా ఆవిణ్ణి ఎత్తి వాకిట్లో ఎండలో కూర్చోబెట్టాను. ఇంకా ఎండ ఉందేంటని అడిగింది. మర్నాడు గడియారం ముట్టుకోబుద్ధి కాలేదు. ఆఫీసు వేళలు అరగంట ముందుకి మార్చమని పైకి రాశాను. అనుమతి వచ్చింది. గోడ గడియారాన్ని నేనే వెనక్కి తిప్పి సరిచేశాను. ఆ రోజు అందరి గీతలూ కొట్టేశాను, నాది తప్ప. అది ఉండనీండి, నాకది చూడటం ఇష్టం. మీ అమ్మాయిని సంతకానికి ధైర్యంగా రమ్మనండి. ఆ రోజు మాత్రం ఆలస్యంగా రావద్దనండి."

విన్నావుగా? వెళ్ళి సంతకం పెట్టు. స్టీలు గ్లాసులో నీళ్ళు తాగి మరీ వెళ్ళు.

ఇట్లు
నీ పెద్దమ్మ
సైరన్ మనిషి

తా.క.: ఇంట్లో గడియారం సరిచేశానని రాశావు. నీ కంగారు నాకు తెలియనిదా, చేశాననుకుని మర్చిపోయి ఉంటావు. ఎందుకైనా మంచిదని, ఎవరు తిప్పిన పావుగంట వాళ్ళు వెనక్కి తిప్పెయ్యమని అల్లుడుగారికీ, పెద్దదానికీ విడివిడిగా కార్డులు రాసేశాను. ఒట్టు సంగతి నేను చూసుకుంటానన్నాను. నీకు మాత్రం చెప్పొద్దన్నాను.