నాకు పట్టిన దయ్యం

ఆత్మకూరు

రోశమ్మక్కకు,

నాకు దయ్యం పట్టిందని నీ దాకా వచ్చిన మాట నిజమే. ఇప్పుడు వదిలింది, కంగారుపడకు.

కవలలు పుట్టింది మొదలు ఒకడు పడుకుంటే ఇంకొకడు లేచేవాడు. నాకు కన్ను మూసే వీల్లేకపోయింది. మీ మరిది లారీతో మదరాసులో ఉన్నారు. మొదట చారులో ఉప్పనుకుని ముగ్గుపిండి వేశాను. తరువాత, పోయినేడు చనిపోయిన మామగారు వచ్చి కూర్చున్నారని విస్తరి వేసి అన్నం వడ్డించాను.

"నీకు గాలి సోకినాదే" అని మా అత్త బండి కట్టించి అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోయింది. పిల్లలిద్దరినీ తనే ఎత్తుకుని, మేకపాలు పట్టించింది. నేను వసారాలో కూర్చున్నచోటే ఒరిగి, మరునాటిదాకా నిద్రపోయాను. లేచేసరికి మామగారు లేరు. ఆకలి వేసింది.

"వదిలినాదా?" అంది అత్త.

నిద్ర చాలకనే అదంతా అని చెప్పబోయాను. కానీ ఆమె నమ్మేలా లేదు.

"వదిలినాది అత్తా. నాకు నిద్ర చెడితే మళ్లీ వస్తానన్నాది" అన్నాను.

ఆనాటి నుంచి పిల్లలు ఆమె పక్కలోనే. పాలకు మాత్రం నన్ను లేపుతుంది. నేను బాగున్నాను. నిన్న మాత్రం అత్త నన్ను చచ్చిపోయిన తన తల్లి అనుకుని "అమ్మా" అని పిలిచి, జడ వేయమని నా ముందు కూర్చుంది. వేశాను.

నువ్వు వెంటనే బయలుదేరి రా. ఇంట్లో నిద్రపోయిన మనిషి ఇంకొకరు కావాలి.

నీ చెల్లెలు