ముగింపు చెప్పని ముప్పై రోజులు

జూలై 5, శనివారం, సాయంత్రం 7.10

ఈ రోజు నుంచి నేను మారిన మనిషిని. నా అంతట నేను మారలేదు, మార్చారు. అయినా చరిత్రకి ఆ తేడా అక్కర్లేదు.

జరిగింది ఇది. మా పాత దయ్యాల, గ్రహాంతరవాసుల సినిమాల సంఘం ప్రతి శనివారం నాలుగింటికి చేరుతుంది, బంతులాట క్లబ్బు వెనక గదిలో. మాతే ఆకు కషాయం పోసిన సొరకాయ బుర్ర ఒక్కటే, చేతులు మారుతూ తిరుగుతుంది. అది ఎవరి చేతికొస్తే వాళ్ళు ఆ చేదు కషాయం గొట్టంతో పీల్చుకుంటూ, ఈ వారం ఏం చూశారో చెప్పాలి. బుర్ర ఖాళీ అయితే మాటా ఖాళీ.

దోన్ వాల్డెమార్ వంతు వచ్చింది. ఆయన మా మోంతెవిదేయోలో నలభై ఏళ్ళు సాయంత్రం షిఫ్టు బస్సు నడిపాడు. ప్రతి సినిమాహాలు ముందూ బస్సు ఆపాడు, ఒక్కదాంట్లోకీ వెళ్ళలేదు. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళకి అన్నీ మొదటిసారి చూస్తున్నాడు.

"'నాలుగు చేతుల సర్జన్' సగం చూసి ఆపా. మిగతా సగం రేపటికి దాచుకున్నా" అన్నాడు మురిసిపోతూ.

"ఆ నాలుగో చెయ్యి భార్యదే కదా" అన్నాను.

పక్కన ఆటలో రెండు బంతులు ఠక్కున ఢీకొన్నాయి.

"సరేలే. ఆదివారం ఖాళీ అయింది" అన్నాడు దోన్ వాల్డెమార్. తిట్టినా బావుండేది.

మా అధ్యక్షురాలు నిబియా టీచర్. రిటైరైంది గానీ ఇంకా ల్యాబులో ఉన్నట్టే చూస్తుంది. "ఈ ఏడాదిలో ఇది పదకొండోది, లిసాండ్రో. ముప్పై రోజులు గడువు. ఒక్క ముగింపు నీ నోట్లోంచి జారిందా, నీ కుర్చీ బంతులాట వాళ్ళకిచ్చేస్తా. నువ్వు మళ్ళీ రానక్కర్లేదు."

ఈ ఊళ్ళో రబ్బరు రాక్షసుడి జిప్పు ఏ సీనులో కనబడిందో నాతో గంటసేపు వాదించే మనుషులు తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ ఆ గదిలోనే ఉన్నారు.

కాబట్టి ప్రతిజ్ఞ:
– ఏ సినిమా ముగింపూ చెప్పను.
– సూచించను.
– నవ్వను.

జూలై 6, ఆదివారం, ఉదయం 11

పదహారు గంటలుగా ఒక్క ముగింపూ చెప్పలేదు. అందులో తొమ్మిది గంటలు నిద్రపోయాను. అయినా లెక్కే. ఇంత తేలికని తెలిస్తే ఏనాడో మంచివాణ్ణి అయ్యేవాణ్ణి.

జూలై 8, సాయంత్రం 5.30

బస్సులో నా ముందు సీట్లో ఇద్దరమ్మాయిలు. "హంతకుడు ఆ తోటమాలే అయ్యుంటాడే" అంది ఒకతె. కాదు. రెండు స్టాపుల ముందే దిగిపోయాను. ఇక్కడ జూలై చలికాలం, సముద్రం గాలికి చెవులు గడ్డకట్టాయి. మహాత్ములకి ఇలాంటివి తప్పవు.

జూలై 12, శనివారం

బుర్ర నా చేతికొచ్చింది.

"'శనిగ్రహం నుంచి ఉత్తరం' చూశాను. బావుంది. ఉత్తరం ఉంది. శని ఉంది."

"ముగుస్తుందా, లేక అలా సాగుతూనే ఉంటుందా?" అంది అనాయి. మా సంఘంలో ప్రొజెక్టరు తనది, పదునైన నాలుకా తనదే.

"అది కూడా చెప్పను."

చప్పట్లు కొట్టారు. దోన్ వాల్డెమార్ నా భుజం తట్టాడు. పరివర్తన పూర్తయింది. మిగతా రోజులు లాంఛనమే.

జూలై 15, మంగళవారం

ఒక న్యాయసంబంధమైన సందేహం. సినిమా వచ్చి డెబ్భై ఏళ్ళు అయింది. నటులు పోయారు, దర్శకుడు పోయాడు, ఆడిన హాలు ఇప్పుడు ప్రార్థనామందిరం. ఆ ముగింపు ఇంకా రహస్యమేనా?

కూరగాయల కొట్టు వాల్తర్‌కి 'శనిగ్రహం' ముగింపు చెప్పాను. లెక్కలోకి రాదు. కారణాలు:
1. అతను సంఘం సభ్యుడు కాడు.
2. అతనికి సినిమాలు పడవు.
3. "గుమ్మడికాయ సగం కావాలా, మొత్తమా?" అని మధ్యలో అడిగాడు. అంటే వినలేదు.

జూలై 17

మా అమ్మకి రెండు చెప్పాను. కన్నతల్లి లెక్కలోకి రాదు. ఫోన్లో తప్పు నంబరు వాడికి ఒకటి. వాడికి నచ్చింది కూడా.

జూలై 19, శనివారం

ఈ రోజు గదిలో సినిమా వేశారు. నోరు తెరవలేదు. కథానాయిక వాళ్ళ బాబాయిని నమ్మి సెల్లారులోకి దిగుతుంటే మాత్రం కొంచెం దగ్గు వచ్చింది.

"బాబాయేనా?" అన్నాడు దోన్ వాల్డెమార్, నీరసంగా.

"దగ్గు కూడా నిషేధం" అంది టీచర్.

"వీడి మొహానికి ఓ సంచి తొడగండి టీచర్. మెడ వెనక భాగం కూడా చెప్పేస్తోంది" అంది అనాయి.

నన్ను ఆఖరి వరసలో, స్తంభం వెనక కూర్చోబెట్టారు. ఇది ఆఖరి హెచ్చరికట. ఇంకా పదిహేను రోజులున్నాయి. జలుబు చేసినవాణ్ణి ఇలా హింసించే సంఘంలో కుర్చీ ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాను. ఇంటికొచ్చాక అలా అనుకోలేకపోయాను.

జూలై 26, శనివారం, సాయంత్రం 6.40

పొద్దున్నుంచి వాన. వాన పడితే మా ఊరి ఆచారం ప్రకారం టీచర్ పిండి రొట్టెలు వేయించి తెచ్చింది. ఈ రోజు 'జిగురు చంద్రుడు'. ఎక్కడా దొరకని సినిమా, అసలు రీళ్ళు. దాచుకున్న పెద్దమనిషి రెండు వారాల కోసమే ఇచ్చాడు. మా అందరిలో అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట ఐదేళ్ళుగా చెబుతున్నాను.

చంద్రుడి మీంచి జిగురు జారి రేవులో పడింది. జనం ఒక్కొక్కరే అంటుకుపోతున్నారు. డాక్టరు భార్య చేతి తొడుగులు తియ్యడం లేదు. ఇంకో పది నిమిషాలుందనగా కరెంటు పోయింది.

అరగంట చూశాం. రాలేదు. చీకట్లో అందరి తలలూ స్తంభం వైపు తిరిగినట్టు చప్పుడును బట్టే తెలిసింది.

"నేను చెప్పను" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత సుఖంగా ఉందో రాయలేను.

"బాబూ" అన్నాడు దోన్ వాల్డెమార్. "సోమవారం నా కంటి ఆపరేషన్. ఈ ఎడం కన్నే కాస్త పనిచేసేది. డాక్టరు ఇబ్బందేమీ ఉండదంటాడు, కానీ వాడు నా కుడి కంటికీ అదే అన్నాడు. వచ్చే శనివారం తెర కనిపిస్తుందో లేదో. చెప్పెయ్."

టీచర్ లేచింది. కొవ్వొత్తి వెలుతురులో బుర్రలో వేణ్ణీళ్ళు పోసి, తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టి కిటికీ వైపు తిరిగి వాన చూసింది.

బుర్ర చేతికొస్తే చెప్పాలి. అది మా పద్ధతి.

చెప్పాను. డాక్టరు రాత్రంతా మందు కలుపుతాడు. తెల్లారి భార్య మొదటిసారి తొడుగులు తీస్తుంది. వేళ్ళుండవు, మెరిసే జిగురు. డాక్టరు చేతిలో మందు ఉంది. సీసా సముద్రంలోకి విసిరి ఆ చెయ్యి పట్టుకుంటాడు. అంతే. ఇరవై నిమిషాలు చెప్పాను. కషాయం చల్లారిపోయింది. మామూలుగా ఎవరైనా బుర్ర పట్టుకు కూర్చుంటే "అది మైకు కాదు" అని వెక్కిరిస్తారు. ఈ రోజు ఎవరూ అనలేదు.

"ఆ చెయ్యి పట్టుకోవడం బావుంది" అన్నాడు దోన్ వాల్డెమార్.

ప్రతిజ్ఞ ఇరవై రెండో రోజున మరణించింది. గౌరవప్రదమైన మరణం.

ఆగస్టు 2, శనివారం, సాయంత్రం 7

దోన్ వాల్డెమార్ వచ్చాడు. ఎడం కంటికి కట్టు. మిగిలిన కుడి కన్ను మసక, ముందు వరసలో తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాడు. కరెంటు ఉంది. నేను ప్రార్థించినంత వోల్టేజీ లేదు గానీ, ఉంది.

ఆఖరి రీలు. ఎండ వచ్చింది. జిగురు ఎండిపోయింది. సైన్యం వచ్చి పారలతో గీకింది. డాక్టరు భార్య తొడుగులు తీసింది, పది వేళ్ళూ ఉన్నాయి, ఉంగరంతో సహా. బ్యాండు మేళం. సమాప్తం.

లైట్లు వెలిగాయి.

"నీకు ఈ సినిమా తెలుసన్నావు" అంది టీచర్.

తెలుసు. అప్పుడు నాకు పదేళ్ళు, ఇంట్లో టీవీలో వచ్చింది. ఆఖరి పది నిమిషాలు నేను భయంతో బల్ల కింద, దుప్పట్లో ఉన్నాను. ముగింపు మా పెద్దన్నయ్య యమందూ చెప్పాడు. ఆ పది నిమిషాలు వాడు ఎక్కడ దాక్కున్నాడో నేనెప్పుడూ అడగలేదు. ఇదంతా అందరి ముందూ ఒప్పుకున్నాను.

"అయితే వీడు ముగింపు చెప్పనట్టే కదా టీచర్. ప్రతిజ్ఞ బతికే ఉంది" అంది అనాయి. సాయం చేస్తోందో, మసాలా వేస్తోందో తెలియలేదు.

"ఈ ఏడాది చెప్పిన పదకొండులో నువ్వు చివరిదాకా చూసినవి ఎన్ని?" టీచర్.

"నాలుగు."

నా కుర్చీ వైపు చూడలేకపోయాను. ఇంతలో ముందు వరసలోంచి నవ్వు. దోన్ వాల్డెమార్ కట్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

"అయితే ఏడింటి ముగింపులు నాకింకా తెలియనట్టే, ఏడు ఆదివారాలు మిగిలాయి నాకు. వీణ్ణి పంపెయ్యకు, నిబియా. ఆ సైన్యం కన్నా వీడి జిగురు చెయ్యే నయం."

తీర్పు: కుర్చీ ఉంటుంది. ముప్పై రోజుల శిక్ష రేపటి నుంచి మళ్ళీ మొదలు. ఇక మీద చివరిదాకా చూడని సినిమా గురించి మాట్లాడకూడదు. చూసిన దాని ముగింపు చెప్పకూడదు. అంటే ఇక నేను మాట్లాడ్డానికి మిగిలేది పోస్టరు.

ఆగస్టు 3, ఆదివారం, మధ్యాహ్నం 1.20

దోన్ వాల్డెమార్ ఇంట్లో 'అద్దంలో అత్తగారు'. ఆఖరి పది నిమిషాలకి నాకు బాత్రూము గుర్తొచ్చింది.

"కూర్చో. నేను మసక కంటితో చూస్తున్నా. నీకు రెండున్నాయి" అన్నాడు, కాళ్ళు గుమ్మానికి అడ్డం చాపి.

కూర్చున్నాను. మొత్తం చూశాను. ఒక కంటితో, వేళ్ళ సందుల్లోంచి, కానీ మొత్తం. ఆ అద్దం వెనక ఉన్నది ఎవరో నాకు తెలుసు. ఎవరో చెప్పగా విన్నది కాదు, నా కళ్ళతో చూసింది. ఎవరూ ఊహించలేరు.

తిరుగు బస్సులో పక్కనున్నాయన "ఏంటి బాబూ, అంత సంతోషం?" అని అడిగాడు.

ముప్పై రోజులు. ఇది ఒకటో రోజు. సినిమా అయి ఇప్పటికి నలభై నిమిషాలు గడిచాయి. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు.