అన్నయ్య నింపిన ఫారం

నాన్నా, నేను క్షేమమే గానీ ఒళ్లు మండిపోతోంది. “ఏ కోర్సయితేనేం, నర్సు నర్సే” అని అన్నయ్య నాకు ఏడాది కోర్సు ఫారం నింపాడు. నిన్న వార్డులో ఒక పెద్దాయనకు సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది. ఆపడం నాకు తెలుసు. చెయ్యి వెయ్యబోతే హెడ్ సిస్టర్ ఆయన ముందే, “నీ చదువుకి పక్కబట్టలు మార్చడం వరకే, తప్పుకో” అంది. ఆవిడ తప్పేం లేదు, రూలే అది.

చెల్లి ఫారం అన్నయ్యని ముట్టుకోనివ్వకండి. మూడేళ్ల నర్సు కోర్సుకి చెల్లినే నింపుకోమనండి. బీరువా కింది అరలో నా మార్కుల కాగితాలున్నాయి, పంపండి. చెల్లి పక్కనే నేనూ మొదటి ఏడాదిలో కూర్చుంటాను.

అన్నయ్యని తప్ప అందరినీ అడిగానని చెప్పండి. అమ్మని మోకాలికి వేడి కాపడం పెట్టుకోమనండి. అంతవరకు చెప్పడానికి నా ఏడాది చదువు చాలు.

మీ పెద్దమ్మాయి