బొమ్మ గీయని కార్డు

నంద్యాల, 11-12-71

నాయనా, వందనాలు. నన్ను పోలీసులు పట్టుకుపోయారని ఆళ్లగడ్డలో ఎవరో పుకారు పుట్టించారట. అబద్ధం. పట్టుకుపోయింది మా మిల్లు యజమాని జర్మన్ దొరను. సాయంత్రానికి వదిలేశారు.

వెనకటి పెద్ద యుద్ధంలో జర్మనీవాడని ఆయన్ను ఇంగ్లీషువాళ్లు ఖైదీల క్యాంపులో పెట్టి, ఉత్తరాల కవర్లన్నీ చింపి చదివారు కదా. అప్పటి నుంచి, దాచేదేమీ లేదని లోకానికి తెలియాలని, వ్యాపారమంతా పోస్టుకార్డుల మీదే రాస్తాడు. మొన్న నూనె యంత్రంలో పళ్లచక్రం విరిగితే, దాని బొమ్మ కార్డు మీద గీసి వాళ్ల దేశపు కంపెనీకి పంపాడు. పోస్టాఫీసులో ఆపేసిన ఆ కార్డు పట్టుకొని ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఏందప్పా ఇది? యాడి పటం? ఆడ పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతాంటే బయటి దేశానికి బొమ్మలు పంపుతాండావా?"

దొర విరిగిన చక్రం తెచ్చి బొమ్మ పక్కన పెట్టాడు. ఇన్‌స్పెక్టరు రెండూ చూసి, సాక్ష్యమని చక్రాన్ని, దానితోపాటు దొరను తీసుకుపోయాడు. దొర తిరిగొచ్చాడు, చక్రం రాలేదు. ఇక్కడి ఫౌండ్రీలో పోత పోయిద్దామన్నా ఇప్పుడు నమూనా లేదు. మిల్లు మూతపడింది. ఇన్నేళ్లు ఆయనిచ్చిన కూలితో బతికినవాళ్లే గేటు ముందు నిలబడి "వేగులోడు ఈడ్నే ఉండాడు" అని అరుస్తున్నారు.

అమ్మకు దగ్గు తగ్గిందా? నా గొంగడి చాగలమర్రి బస్సులో ఇటు వచ్చే ఎవరితోనైనా పంపండి. దొరను ఒంటరిగా వదలలేను, క్రిస్మస్‌కు రాను. చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేయించండి. పేరు మాత్రం పైకి చెప్పొద్దు.

దారిలో ఈ కార్డును చదివే పెద్దమనిషికి కూడా నా వందనాలు. అయ్యా, ఇందులో నేను బొమ్మ ఏదీ గీయలేదు.

మీ కొడుకు
తిమోతి